20 మీటర్ బ్యాండ్‌లో పీటీటీ (ట్రాన్స్‌మిట్ బటన్) నొక్కితే ల్యాన్ పోతోంది

హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రులు ఎవరైనా కాస్త చెప్పండి. 14 మెగాహెర్ట్జ్‌లో (అదే 20 మీటర్ బ్యాండ్) 100 వాట్లతో ట్రాన్స్‌మిట్ చేయగానే రేడియో పక్కనున్న పీసీకి ల్యాన్ కట్ అయిపోతోంది, రౌటర్ మీద ఆ పోర్ట్ లైట్ ఆరిపోయి, పీటీటీ వదిలాక ఓ పది సెకన్లకి మళ్లీ వెలుగుతుంది. ఎఫ్‌టీ8 (పీసీతో నడిచే డిజిటల్ మోడ్) అయితే ఇంక చెప్పక్కర్లేదు. వైఫైకి మాత్రం ఏం కాదు. 25 వాట్లకి తగ్గిస్తే బానే ఉంటుంది, 7 మెగాహెర్ట్జ్‌లో ఫుల్ పవర్ పెట్టినా ఇబ్బంది లేదు.

యాంటెన్నా మేడ మీద డైపోల్ (రెండు చేతుల వైర్ యాంటెన్నా), బాలన్ (కోయాక్స్ పై పొర మీద కరెంట్ పారకుండా ఆపేది) లేదు, కోయాక్స్ కేబుల్ నేరుగా కిందికి వస్తుంది, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా మ్యాచింగ్ కొలత) 1.3. ల్యాన్ కేబుల్ మామూలు క్యాట్ 5ఈ, సుమారు 10 మీటర్లు, అంటే ఈ బ్యాండ్‌కి దాదాపు సగం వేవ్‌లెంత్, అదే యాంటెన్నాలా సిగ్నల్ పట్టేస్తోందేమోనని నా అనుమానమంతా దాని మీదే.

కేబుల్ మార్చా, రౌటర్ పోర్ట్ మార్చా, రెండు చివర్లా క్లిప్ ఆన్ ఫెరైట్‌లు (కేబుల్ మీద ఆర్ఎఫ్‌ని అడ్డుకునే రింగులు) పెట్టా, తేడా లేదు. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్) మీద 100 వాట్లు కొడితే మాత్రం ల్యాన్ కదల్లేదు, కాబట్టి రిగ్ (రేడియో సెట్) నుంచి నేరుగా లీకేజీ కాదనుకుంటున్నా.

ముందు డైపోల్ ఫీడ్ పాయింట్ (కోయాక్స్ కలిసే చోటు) దగ్గర 1:1 కరెంట్ బాలన్ పెట్టాలా, లేక ల్యాన్ కేబుల్‌నే షీల్డెడ్‌కి మార్చాలా?