లేఆఫ్ అయ్యాక మిగిలినవాళ్లకి పెరిగేది పనా, పనితీరా?

గచ్చిబౌలి_కోడర్:
2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12,000 మందిని తగ్గిస్తామన్నప్పుడు అందరూ పోయేవాళ్ల గురించే మాట్లాడారు. ఉన్నవాళ్ల సంగతేంటి? మాది వేరే కంపెనీ. ఎనిమిది మంది చూసే సపోర్ట్ ఇప్పుడు ఐదుగురం చూస్తున్నాం. ఆఫీసులో గడిపే గంటలు పెరిగాయి, పని నాణ్యత పడిపోయింది. కాదనేవాళ్లు చెప్పండి.

డెలివరీ_బాబాయ్:
నేను కాదంటాను. 2022 నవంబర్‌లో మస్క్ ట్విటర్‌లో సగం మందిని తీసేస్తే సైటు మూతపడుతుందన్నారు. పడిందా? మెటా రెండు విడతల్లో 21,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. 2022లో 2,320 కోట్ల డాలర్లున్న లాభం మరుసటి ఏడాది 3,910 కోట్లకు చేరింది. కోవిడ్ టైములో ఎడాపెడా తీసుకున్నారు, ఇప్పుడు సర్దుకుంటున్నారు. అంతే.

గచ్చిబౌలి_కోడర్:
మూతపడలేదు సరే. 2023 మార్చిలో ఒక చిన్న ఏపీఐ (సాఫ్ట్‌వేర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే దారి) మార్పుకే ట్విటర్‌లో లింకులు, ఫొటోలు తెరుచుకోలేదు కదా. ఇక లాభమంటారా, మెటాకి ఆ ఏడాది ప్రకటనల మార్కెట్ కూడా కోలుకుంది.
మా దగ్గర నెలాఖరు బిల్లింగ్ జాబ్ ఫెయిలైతే ఏ ఫైలు తీసేసి మళ్లీ రన్ చెయ్యాలో ఒక మేడమ్‌కే తెలుసు. హెచ్‌ఆర్ మీటింగ్‌కని పిలిచారు, ఆవిడ సీటు దగ్గరికి తిరిగొచ్చేలోపే లాగిన్ తీసేశారు. కేటీ (తనకి తెలిసిన పని మిగతావాళ్లకి నేర్పి వెళ్లడం) ఊసే లేదు. ఆ నెలాఖరున తెల్లవార్లూ ఆవిడ పాత మెయిళ్లు తవ్వుకుంటూ కూర్చున్నాం. ఇంతకీ ఆవిడకి గత అప్రైజల్‌లో మంచి రేటింగే వచ్చింది. అది చూశాక ఎవడికి పనిమీద మనసు నిలుస్తుంది? టీమ్స్‌లో ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే పచ్చచుక్క ఆరిపోకుండా మౌస్ కదిపేవాళ్లు ఎక్కువయ్యారు.

డల్లాస్_నుంచి:
ఇక్కడ హెచ్‌-1బీ వీసా వాళ్లకి ఇంకో తంటా. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా పెట్టేబేడా సర్దుకోవాలి. అందుకే శనివారం కాల్ పెట్టినా ఎవరూ కుదరదనరు. మేనేజరేమో టీమ్‌కి కమిట్‌మెంట్ పెరిగిందనుకుంటాడు.

డెలివరీ_బాబాయ్:
కేటీ లేకుండా పంపడం తప్పే. కానీ అది తీసేసిన తీరులో తప్పు, తీసెయ్యడంలో కాదు.

గచ్చిబౌలి_కోడర్:
ముగ్గురిని తీసేశారు, ఎస్‌ఎల్‌ఏలో (ఎంతసేపట్లో స్పందించాలో క్లయింటుతో రాసుకున్న ఒప్పందం) ఒక్క లైను మార్చలేదు. పి-1 టికెట్ (అన్నిటికన్నా అత్యవసరమైన ఫిర్యాదు) వస్తే ఇప్పటికీ అదే పదిహేను నిమిషాలు. మనుషుల్ని తగ్గించినప్పుడు ఏ పని ఆపాలో కూడా చెప్పాలి కదా బాబాయ్?

డెలివరీ_బాబాయ్:
ఎస్‌ఎల్‌ఏ సడలించమని అడిగితే క్లయింటు కాంట్రాక్టు ఇంకొకళ్లకి ఇచ్చేస్తాడు. అప్పుడు మీ ఐదుగురూ బెంచి మీదకే, ప్రాజెక్టు లేకుండా ఖాళీగా.