పేజీకి 20 లాట్లు సరే, "మొత్తం ఎన్ని" అనే లెక్కే బరువైతున్నది

హన్మకొండ_బ్యాకెండ్:
ఎనుమాముల మార్కెట్ లాట్లను వెతికే పేజీ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, టేబుల్‌లో 40 లక్షల వరుసలు. మిర్చి, తేజ రకం అని ఫిల్టర్ పెడితే 20 వరుసలే తెచ్చే లిమిట్ 20 క్వెరీ చిటికెల వస్తున్నది, మొత్తం ఎన్నో లెక్కించే కౌంట్ క్వెరీకే మూడు సెకన్లు. రెండూ కలిపి ఒక్క క్వెరీ చేస్తే తగ్గుతదా అన్నా?

కాజీపేట_జంక్షన్:
తగ్గదు తమ్మీ. కౌంట్(*) ఓవర్() పెడితే ప్రతి వరుస పక్కన మొత్తం వస్తది, సర్వర్‌కు ఒక్క ట్రిప్పు మిగులుతది, గంతే. లిమిట్ ఒక్కటే ఉన్నప్పుడు ఇండెక్స్‌ల (తొందరగ వెతకడానికి వరుస పెట్టిన జాబితా) 20 దొరకంగనే ఆగేది. ఇప్పుడు సరిపోలినవన్నీ చదివినంకనే మొదటి వరుస బయటికొస్తది. పైగా ఆఫ్‌సెట్ (ముందు ఎన్ని వరుసలు దాటేయాలనే అంకె) చివరి పేజీ దాటితే వరుసలు సున్నా, వాటితోపాటే మొత్తం కూడా పాయె.

మట్టెవాడ_మైఎస్‌క్యూఎల్:
మా మైఎస్‌క్యూఎల్ దిక్కు, లిమిట్ లేకుంటే ఎన్ని వరుసలొస్తయో లెక్కించే ఎస్‌క్యూఎల్_కాల్క్_ఫౌండ్_రోస్ ఉండె, దానిదీ ఇదే రోగం. 8.0.17 వర్షన్ నుంచి వాడొద్దన్నరు, రెండు క్వెరీలు విడిగా కొట్టమని మాన్యువలే చెప్తది.

కాజీపేట_జంక్షన్:
విడిగా కొట్టేటప్పుడు కౌంట్ క్వెరీని చెక్కాలె. ఆర్డర్ బై అక్కర్లేదు. అడ్తిదారు పేరు కోసం పెట్టిన లెఫ్ట్ జాయిన్ (ఇంకో టేబుల్‌ల జత దొరకకున్నా వరుసను ఉంచేది) తీసేసినా లెక్క మారదు. ఇన్నర్ జాయిన్‌ను మాత్రం చూడకుండ తీయకు, అది జత దొరకని వరుసలను రాల్చేస్తుండొచ్చు. బిడ్ల టేబుల్‌తో జాయిన్ ఉంటే ఇంకో తంటా: ఐదు బిడ్లు వచ్చిన లాట్ ఐదుసార్లు లెక్కకొస్తది. అక్కడ ఎగ్జిస్ట్స్ (బిడ్ ఉన్నదా లేదా అని మాత్రమే చూసేది) రాయి.

ఇండెక్స్ (సరుకు, రకం, తేదీ, ఐడీ) మీద ఉండాలె. క్వెరీ ఎట్ల నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌ల "ఇండెక్స్ ఓన్లీ స్కాన్" (టేబుల్ ముట్టకుండ ఇండెక్స్‌తోనే పని) కనవడ్డా సంబురపడకు, కింద "హీప్ ఫెచెస్" అంకె చూడు. అది లక్షల్ల ఉంటే వ్యాక్యూమ్ (పాత వరుసలను ఊడ్చే పని) వెనకబడ్డట్టే, ప్రతి వరుస కోసం మళ్లా టేబుల్‌లకు పోతున్నది.

హన్మకొండ_బ్యాకెండ్:
పోస్ట్‌గ్రెస్ తానే రాసిపెట్టుకునే వరుసల సంఖ్య, రెల్‌టపుల్స్ అంకె తీసుకుంటే?

మట్టెవాడ_మైఎస్‌క్యూఎల్:
అది మొత్తం టేబుల్‌కు అంచనా, నీ ఫిల్టర్ దానికి తెల్వది.

భద్రకాళి_గట్టు:
పేజీకి 20 చొప్పున 50 పేజీలంటే 1000 లాట్లు, అసలు 51వ పేజీకి ఎవరు పోతరు? హద్దు పెట్టి లెక్కించు:

సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ లాట్లు వేర్ … లిమిట్ 1001) టీ

1001 వస్తే "1000కి పైగా" అని చూపు, తక్కువొస్తే అదే అసలు లెక్క. "తర్వాతి పేజీ" బటన్ ఒక్కటే చాలంటే కౌంటే వద్దు: 21 తెచ్చి 20 చూపు, 21వది ఉంటే బటన్ పెట్టు.

ఇంకొకటి, తేదీ ఒక్కదాని మీదనే ఆర్డర్ పెట్టకు. సీజన్‌ల ఒక్కరోజు వందల లాట్లొస్తయి, తేదీ ఒకటే ఉన్నోటి వరుస నిలకడగా ఉండదు. ఒక లాట్ రెండు పేజీలల్ల కనవడ్తది, ఇంకోటి ఎక్కడా కనవడది. తేదీ, ఐడీ రెండూ పెట్టు.

హన్మకొండ_బ్యాకెండ్:
హద్దు లెక్క పేజీకి సరిపోతది. ఎక్సెల్ డౌన్‌లోడ్‌ల మాత్రం మొత్తం, వరుసలు తప్పకుండ కలవాలె. పొద్దున పూట లాట్లు ఎక్కుతనే ఉంటయి.

కాజీపేట_జంక్షన్:
రెండు క్వెరీలనూ ఒకే ట్రాన్సాక్షన్‌ల, రిపీటబుల్ రీడ్ (రెండిటికీ ఒకే స్నాప్‌షాట్, అంటే ఆ క్షణం నాటి డేటా, చూపే పద్ధతి) పెట్టి నడుపు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ రీడ్ కమిటెడ్, దాంట్ల ప్రతి క్వెరీ తనకు తాను కొత్త స్నాప్‌షాట్ తీసుకుంటది. బిగిన్ కొట్టి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టినా కలవకపోయేది అందుకే.