వరద చూసిన ఇళ్లలో కూడా జాగ్రత్త ఎందుకు ఉండదు?

ప్రశ్న అడిగినవారు:
2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగాయి కదా. మొన్న అక్కడ మా చుట్టాలింటికి వెళ్లాను. గోడ మీద నీటి చార ఇంకా నా భుజం ఎత్తున ఉంది, పిల్లల సర్టిఫికెట్లు మాత్రం మళ్లీ అదే బీరువా కింది అరలో ఉన్నాయి. ఇది నిర్లక్ష్యం కాక మరేమిటి?

సింగ్‌నగర్ వాసి:
అంత తేలిగ్గా అనేయకండి. మాది గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, అటక లేదు. ఓనరు గోడకు మేకు కూడా కొట్టనివ్వడు. నెలకు సరిపడా బియ్యమే అప్పు మీద తెచ్చుకునేవాళ్లం, వరద కోసం విడిగా సరుకులు ఎక్కడి నుంచి తెచ్చి దాస్తాం? 2005లో కూడా బుడమేరు ఊరి మీద పడిందట, ఆ తర్వాత వచ్చి చేరిన మాకు ఆ సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఆ రోజు పొద్దున చీలమండ దాకా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి నడుం దాటాయి. అమ్మను మేడ మీదికి మోసుకెళ్లాక ఇంక కాగితాల కోసం కిందికి దిగలేకపోయాను.

విశాఖ నుంచి:
డబ్బు ఒక్కటే కారణం కాదు తమ్ముడూ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మాది సొంత ఫ్లాటు, ఇద్దరం ఉద్యోగాలు. అయినా కరెంటు పోయి మోటారు ఆగేసరికి బిందె పట్టుకుని నాలుగంతస్తులు ఎక్కీ దిగీ మోకాళ్లు పడిపోయాయి. ఆ తర్వాత టార్చిలైట్లు, క్యాన్లు అన్నీ కొన్నాం. రెండేళ్లకు టార్చి తెరిస్తే సెల్స్ కారి లోపలంతా తుప్పు, క్యాన్లలో ఏమో శనగపప్పు, మినప్పప్పు. భయం ఉన్నన్నాళ్లే జాగ్రత్త ఉంటుంది, నా ఇంట్లో నేను చూసిందే చెబుతున్నాను.

దివిసీమ మనవడు:
నాకైతే హెచ్చరిక చెప్పే తీరులోనే అసలు లోపం కనిపిస్తుంది. "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని మైకులో చెబితే తన ఇల్లు లోతట్టులో ఉందని ఎవరనుకుంటారు? ఎంత ఎత్తు నీళ్లు, ఎన్ని గంటలకు, ఎటు వెళ్లాలి, ఇవేవీ ఉండవు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో వేలమంది పోయారు, మా తాతమ్మ ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికింది. ఇప్పుడు మా ఊళ్లో తుఫాను షెల్టరుకు జనం కదులుతారంటే మైకు వల్ల కాదు, తెలిసిన మనిషి గుమ్మంలోకి వచ్చి "అత్తా, లే, బండి వచ్చింది" అంటాడు కాబట్టి. నగరంలో కూడా వీధికిద్దరు ఆ పని చేయాలి, ప్రతి కరెంటు స్తంభం మీద 2024 నీటి మట్టం రంగుతో గీయాలి, అద్దెకొచ్చే కొత్తవాళ్లకు కనబడేలా.

ప్రశ్న అడిగినవారు:
అద్దె ఇంటి మాట నాకు తట్టలేదు, నిజమే. కానీ కాగితాలు పైన పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు కదా, ఆ మాట మాత్రం వదులుకోను.

సింగ్‌నగర్ వాసి:
అది ఒప్పుకుంటాను అన్నా. పై పోర్షన్ పిన్నిగారిని ఇప్పుడే అడిగొచ్చాను. అమ్మ షుగరు మందుల చీటీ, పాస్‌బుక్కులు, రేషన్ కార్డు రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి వానాకాలం అయ్యేదాకా వాళ్ల అటక మీద ఉంచుతానన్నారు. సర్టిఫికెట్లు ఫోటో తీసి మా చెల్లి ఫోన్‌కు కూడా పంపాను. గ్యాస్ సిలిండరు ఎక్కడ పెట్టాలన్నదే ఇంకా తేలలేదు.