ఎల్ టోరో భూమిని నేవీ వేలం వేయకుండా ఉండాల్సిందా?

సుజాత_ఇర్వైన్:

మేముండేది కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో, గ్రేట్ పార్క్ పక్కన లేచిన కొత్త కాలనీలో. ఇదంతా ఒకప్పుడు ఎల్ టోరో, నేవీ శాఖ కిందికి వచ్చే మెరైన్ల ఎయిర్ బేస్. 1943లో పెట్టారు, 1999 జూలైలో మూశారు. సుమారు 4,700 ఎకరాలు.

మొన్న ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు వచ్చింది. మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో లైనూ చదువుతూ మెల్లో రూస్ దగ్గర ఆగారు. "ఇదేంటమ్మా?" అన్నారు. రోడ్లకీ, డ్రైనేజీకీ, స్కూళ్లకీ చేసిన అప్పు అత్తయ్యా, ఇక్కడ ఇల్లు కొన్నవాళ్లే ఏటా తీర్చుకోవాలి అన్నాను. "భూమి గవర్నమెంటుదన్నావు, అమ్ముకున్నారన్నావు. ఆ డబ్బుతో రోడ్లెయ్యలేదా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

విషయం తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. 2005 ఫిబ్రవరిలో నేవీ ఇందులో 3,700 ఎకరాల దాకా నాలుగు ముక్కలు చేసి ఆన్‌లైన్‌లో వేలం పెట్టింది. నాలుగూ ఇళ్లు కట్టే లెన్నార్ కంపెనీ, దాని భాగస్వాములే కొన్నారు. మొత్తం 64 కోట్ల 95 లక్షల డాలర్లు. అందులో ఇర్వైన్‌కి ఒక్క డాలరూ రాలేదు, అంతా ఫెడరల్ ప్రభుత్వానికే పోయింది. ప్రజల భూమి, అదీ ఇంత పెద్దది, మళ్లీ జన్మలో దొరకనిది. ఊరికి ఇవ్వకుండా వేలం వేయడం తప్పనే నా అభిప్రాయం. మీరేమంటారు?

లెక్కలమాస్టారు:

అమ్మా, మీరు కథ 2005 నుంచి మొదలుపెట్టారు. అంతకు ముందు పదేళ్లు వదిలేశారు.

మూసే బేసుల జాబితాలో ఎల్ టోరో 1993లో చేరింది. అక్కడ పెద్ద ఎయిర్‌పోర్టు కట్టాలని ఇర్వైన్ ఉన్న ఆరెంజ్ కౌంటీ ఆలోచన. 1994లో మెజర్ ఏ అని ఓటింగ్ పెడితే బొటాబొటీ మెజారిటీతో గెలిచింది. పడమట న్యూపోర్ట్ బీచ్ వాళ్లకి ఇప్పటికే జాన్ వేన్ ఎయిర్‌పోర్టు మోత ఉంది, కొత్త విమానాలు ఎల్ టోరోకి పోతే బాగుండునని వాళ్ల ఆశ. ఇర్వైన్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వద్దే వద్దన్నారు. 1996లో ఒకసారి, 2000లో ఒకసారి, 2002 మార్చిలో మెజర్ డబ్ల్యూ పేరుతో మరోసారి ఓట్లు. ఆఖరిసారి 58 శాతం మంది ఎయిర్‌పోర్టు వద్దు, పార్కు కావాలన్నారు. అది జరిగిన వెంటనే నేవీ అమ్మేస్తానని ప్రకటించింది.

మూసిన బేసు భూమిని పంచడానికి చట్టంలో ఒక వరస ఉంది. ముందు మిలటరీలోనే ఇంకెవరికైనా కావాలా అని అడుగుతారు. తర్వాత మిగతా ఫెడరల్ శాఖలు. తర్వాత ఇళ్లు లేనివాళ్లకు ఆశ్రయం, స్కూళ్లు, పార్కులు, ఎయిర్‌పోర్టులు. వీటికి తక్కువ ధరకో ఉచితంగానో ఇవ్వొచ్చు. ఊళ్లో ఉద్యోగాలు పెరగాలని స్థానిక సంస్థకు ఇవ్వడం ఇంకో దారి. ఇవేవీ కుదరకపోతే అమ్మకం. ఎనిమిదేళ్లు కొట్టుకుంటూ కూర్చున్న ఇంట్లో ఆస్తి పంపకం ఎలా అవుతుంది? పెద్దమనిషి విసిగి అమ్మేశాడు.

అయినా ఇర్వైన్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. భూమి తనది కాకపోయినా జోనింగ్, అంటే అక్కడ ఏం కట్టొచ్చో తేల్చే అధికారం, తన చేతిలో పెట్టుకుంది. కొన్నవాడికి రెండే దారులు: తక్కువ ఇళ్లతో సరిపెట్టుకోవడం, లేదా ఊరితో ఒప్పందం చేసుకుని ఎక్కువ ఇళ్లు కట్టుకుని బదులుగా పార్కుకి భూమి, డబ్బు ఇవ్వడం. లెన్నార్ రెండోది ఎంచుకుంది. ఊరికి 1,347 ఎకరాలు ఉచితం, పైగా 20 కోట్ల డాలర్ల ఫీజు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు 843 ఎకరాలే. పైసా పెట్టకుండా దాన్ని మించిన భూమి చేతికొస్తే అన్యాయం అంటారేంటండీ?

పల్నాడు:

నాదొక చిన్న డౌటు. బేసు పెట్టకముందు ఆ భూమి ఎవరిది? మా వైపైతే ముందు ఆ మాటే అడుగుతారు. తీసుకున్న పనికి వాడకపోతే ఇచ్చినవాడికి తిరిగివ్వాలి కదా.

లెక్కలమాస్టారు:

మంచి ప్రశ్న. అక్కడ చిన్న రైతులు లేరు. ఇర్వైన్ రాంచ్ అని ఒకే కుటుంబం చేతిలో ఉన్న పెద్ద ఎస్టేట్‌లో భాగం. లైమా చిక్కుళ్లు పండేవి. యుద్ధకాలంలో నేవీ తీసుకుంది. తిరిగివ్వాలన్న షరతేమీ లేదు.

వెంకట్_ఆస్టిన్:

షరతు ఉంటే ఏమవుతుందో మా ఊరు చూడండి. 1942లో ఆస్టిన్ నగరమే భూమి కొని మిలటరీకి ఇచ్చింది, అవసరం తీరితే తిరిగిచ్చేయాలన్న ఒప్పందం మీద. అదే బెర్గ్‌స్ట్రమ్ ఎయిర్‌ఫోర్స్ బేస్. 1993లో మూశారు. వేలం లేదు, గొడవ లేదు. 1999లో ఎయిర్‌పోర్టయింది. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగేది అక్కడే. దిగిన ప్రతిసారీ మా నాన్న "రన్‌వే ఎంత పొడుగుందిరా" అంటారు. మరి బాంబర్లు దిగిన రన్‌వే కదా.

అంతకన్నా బాగా కుదిరింది పాత ఎయిర్‌పోర్టు సంగతి. ఊరి మధ్యలో ఉన్న ఆ ముల్లర్ ఎయిర్‌పోర్టు 700 ఎకరాలు ఖాళీ అయ్యాయి. సిటీ ఒకేసారి అమ్మేయలేదు. పట్టా తన దగ్గరే పెట్టుకుని, ఒక డెవలపర్‌ని పెట్టుకుని, ముక్క ముక్కగా కట్టించింది. నాలుగో వంతు ఇళ్లు తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి. సుజాత గారి పాయింట్ అదే అనుకుంటా. భూమి ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదే బేరం.

బేఏరియా_రాధ:

వెంకట్ గారితో నేను. మా శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రెసిడియో ఉంది, దాదాపు 1,500 ఎకరాల ఆర్మీ పోస్టు, గోల్డెన్ గేట్ బ్రిడ్జి పక్కనే. 1994లో నేషనల్ పార్కులో చేరింది. 1996లో దానికి ప్రెసిడియో ట్రస్ట్ అని పెట్టి ఒక మెలిక పెట్టారు: 2013 కల్లా నీ ఖర్చు నువ్వే సంపాదించుకోవాలి, లేకపోతే భూమి అమ్మకానికి పోతుంది. వాళ్లు అమ్మలేదు. పాత ఆఫీసర్ల ఇళ్లు, బ్యారక్స్ బాగు చేయించి అద్దెకిచ్చారు. గడువులోపే సొంత కాళ్ల మీద నిలబడ్డారు. అద్దె ఏటా వస్తుంది, భూమి ఎక్కడికీ పోదు. ఎకరం కూడా అమ్మకుండా నడపొచ్చని రుజువైంది కదా?

లెక్కలమాస్టారు:

రాధ గారూ, గోల్డెన్ గేట్ పక్కన గోడౌన్ అద్దెకిచ్చినా ఎగబడి తీసుకుంటారు. అక్కణ్ణుంచి రెండు గంటలు దక్షిణానికి వెళ్లండి, ఫోర్ట్ ఆర్డ్ వస్తుంది. 28,000 ఎకరాలు, 1994లో మూశారు. అది వేలం వేయలేదు. యూనివర్సిటీకి కొంత, చుట్టుపక్కల ఊళ్లకి కొంత పంచారు. 2012లో దాదాపు సగం నేషనల్ మాన్యుమెంట్ చేశారు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఊళ్లకి ఇచ్చిన భాగంలో అద్దాలు పగిలి, ఆస్‌బెస్టాస్, లెడ్ పెయింటు నిండిన బ్యారక్స్ వరసలు ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నాయి. కూల్చే డబ్బు లేదు, కొనేవాడు లేడు. ఉచితంగా వచ్చిన ఏనుగుకి మేత ఎవరు పెడతారు?

వేణు_టస్టిన్:

ఎల్ టోరో నుంచి కారులో ఇరవై నిమిషాలు కూడా పట్టదు మా టస్టిన్. ఇక్కడా మెరైన్ల బేసే, అదీ 1999లోనే మూశారు. 1,600 ఎకరాల్లో చాలా భాగం డబ్బు తీసుకోకుండా ఊరికి ఇచ్చారు. ఇప్పుడు కాస్ట్‌కో ఉంది, షాపింగ్ ఉంది, పాత బ్యారక్స్‌లో ఇళ్లు లేని కుటుంబాలకి ఆశ్రయం కూడా నడుస్తోంది. చాలామంది తెలుగువాళ్లం అక్కడే ఇళ్లు కొన్నాం.

కానీ చేతులు మారకుండా మిగిలిపోయిన ముక్క సంగతి చెప్తా. రెండు హ్యాంగర్లు ఉండేవి, ఒక్కొక్కటి 17 అంతస్తుల ఎత్తు, పూర్తిగా చెక్క. యుద్ధంలో ఉక్కు దొరక్క చెక్కతో కట్టారు, లోపల బ్లింప్‌లు, అంటే గ్యాస్ నింపిన పెద్ద గాలి ఓడలు, పెట్టేవారట. 2023 నవంబర్ 7 తెల్లవారుజామున ఉత్తరం వైపు హ్యాంగర్ అంటుకుంది. అప్పటికి అది నేవీ పేరు మీదే ఉంది. ఆ పొద్దున మా బాల్కనీలో తులసి కోట మీద బూడిద. తర్వాత అందులో ఆస్‌బెస్టాస్ ఉందన్నారు, స్కూళ్లు మూశారు, మాస్కులు కట్టుకున్న మనుషులు పార్కుల్లో పెంకులు ఏరుతుంటే మా అబ్బాయి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. వారాల తరబడి ఆరలేదది.

తప్పు ఎవరిదో నాకు తెలీదు, ఆ వాదనలోకి వెళ్లను. నేను చెప్పేదల్లా ఒకటే. "అమ్మొద్దు, ఆలోచిద్దాం" అంటూ పాతికేళ్లు ఉంచితే భూమి ఊరికే ఉండదు. వేలమో దానమో, తొందరగా తేల్చడం మేలు.

కోకాపేట_రోడ్డు:

హైదరాబాద్ నుంచి ఒక మాట. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం వంద కోట్లు దాటింది. అంటే అప్పటి రేటులో కోటీ ఇరవై లక్షల డాలర్లు. మీ ఎల్ టోరో లెక్క వేశాను, ఎకరం లక్షా డెబ్బై అయిదు వేల డాలర్లు. మీ నేవీకి బేరం ఆడటం రాదు 😀

ఇక సీరియస్‌గా. మా దగ్గర భూమి వేలం అంటే సర్కారుకి జీతాల డబ్బు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు కూడా అలాగే పోయేది. విద్యార్థులు అడ్డం పడ్డారు, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపింది. అది మిలటరీ భూమి కాదనుకోండి. కానీ ఒకసారి అమ్ముకుని తినేశాక మళ్లీ అమ్మడానికి ఏముంటుంది? సుజాత అక్క కరెక్ట్.

లెక్కలమాస్టారు:

తమ్ముడూ, ఆ రెండు రేట్లూ పక్కపక్కన పెట్టకూడదు. కాలం తేడా 18 ఏళ్లు, అది సరే. నియోపొలిస్‌లో రోడ్లు, కరెంటు అన్నీ వేసి ప్లాటు అమ్మారు, ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు. ఎల్ టోరోలో రన్‌వే కాంక్రీటు పగలగొట్టుకోవాలి, వెయ్యికి పైగా ఎకరాలు ఊరికి వదులుకోవాలి, ఫీజు కట్టాలి. ఆ షరతులు చూసుకునే వేలం పాడారు. వాళ్లు నేవీకి తక్కువ ఇచ్చింది ఊరికి ఎక్కువ ఇవ్వాల్సి వచ్చినందుకే.

సుజాత_ఇర్వైన్:

మాస్టారూ, మీ 1,347 ఎకరాల దగ్గరికి వస్తాను. భూమి వచ్చింది. 2007లో నారింజ రంగు బెలూన్ వచ్చింది, ఎక్కితే 400 అడుగుల పైకి తీసుకెళ్లేది. మా పెద్దాడికి నాలుగేళ్లప్పుడు ఎక్కించాం. పైనుంచి చూస్తే కింద పార్కు ఏదీ? ఒక మూల కాస్త పచ్చగా, మిగతాదంతా రన్‌వేలూ ఎండిన గడ్డీ. డిజైన్లకీ ప్లాన్లకీ కోట్లు పోయాయి. 2008లో ఇళ్ల మార్కెట్ పడిపోయింది, 2012లో రాష్ట్రం రీడెవలప్‌మెంట్ ఏజెన్సీలు (పాత ప్రాంతాలని బాగు చేయించే స్థానిక సంస్థలు) ఎత్తేయడంతో రావాల్సిన డబ్బుకీ గండి పడింది.

అప్పుడేం చేశారు? 2013లో లెన్నార్ స్థానంలోకి వచ్చిన డెవలపర్ ఫైవ్‌పాయింట్‌తో ఇంకో ఒప్పందం. వాళ్లు 688 ఎకరాల పార్కు కట్టిస్తారు, బదులుగా ముందు ఒప్పుకున్న 4,894 ఇళ్లకి అదనంగా 4,606. మొత్తం 9,500. ఆ 4,606లో ఒక ఇంట్లోనే మేముంటున్నామేమో! మొదటిసారి బేరంలో పార్కు వచ్చింది, దాన్ని పార్కుగా మార్చడానికి రెండోసారి బేరం ఆడాల్సి వచ్చింది. నా బాధ అది.

ఇంకొకటి, నీళ్లు. విమానాల భాగాలు కడిగిన టీసీఈ అనే ద్రావకం భూమిలోకి దిగి, ఆ కలుషిత జలం బేసు దాటి మైళ్ల కొద్దీ ఊరి కిందికి పాకింది. 1990లోనే సూపర్‌ఫండ్ జాబితాకి, అంటే బాగా కలుషితమై శుద్ధి చేయాల్సిన చోట్ల ఫెడరల్ జాబితాకి, ఎక్కింది. ఇప్పటికీ తోడి శుద్ధి చేస్తున్నారు, ఆ నీళ్లు తాగడానికి ఇవ్వరు, మొక్కలకి వాడతారు. భూమి అమ్మేసినా ఆ బాధ్యత నేవీదే అని చట్టం. అమ్మినప్పుడు ఇన్ని షరతులు రాయగలిగినవాళ్లు, రోడ్ల ఖర్చు కొన్నవాళ్ల నెత్తిన పడకుండా కూడా రాయొచ్చు కదా?

రవి_వుడ్‌బ్రిడ్జ్:

రోజంతా చదువుతున్నా, ఒక్కరూ ఆ విషయం ఎత్తలేదు. నేనే ఎత్తుతా.

ఎల్ టోరోలో అంతా అమ్మలేదు. 100 ఎకరాలు కౌంటీకి వచ్చాయి, పక్కా ప్రజల భూమి. 2018 మొదట్లో శాంటా ఆనా నది గట్టున డేరాల్లో ఉన్నవాళ్లని ఖాళీ చేయించాక, మార్చిలో కౌంటీ సూపర్‌వైజర్లు ఆ 100 ఎకరాల్లో టెంట్లు వేసి వాళ్లని ఉంచుతామని ఓటేశారు. వారం తిరక్కుండా ఇర్వైన్ నుంచి బస్సులకి బస్సులు కౌంటీ ఆఫీసు ఉన్న శాంటా ఆనాకి, వద్దని చెప్పడానికి వెళ్లాయి. చైనీస్, కొరియన్, మన ఇండియన్స్, అందరూ. మార్చి 27న ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. నేనూ బస్సెక్కాను. "స్కూలు పక్కనా?" అని రాసిన అట్ట నా చేతిలో ఉంది. ఇప్పుడు ఆ ఫోటో చూస్తే ఇబ్బందిగా ఉంటుంది.

సైనికుల శ్మశానం సంగతీ అంతే. అదే బేసులో 125 ఎకరాలు ఇవ్వాలని 2014లో రాష్ట్రం చట్టం చేసింది. ఎక్కడ పెట్టాలన్న గొడవతో భూమి మార్పిడి అన్నారు, 2018 జూన్‌లో మెజర్ బీ పెడితే ఓటర్లు కాదన్నారు. చివరికి వాళ్ల దృష్టి ఆనహైమ్ వైపు కొండల మీదికి మళ్లింది. విమానాలు ఎక్కి యుద్ధానికి పోయినవాళ్లకి వాళ్ల బేసులోనే చోటు దొరకలేదు.

వేలం వేయకుండా 4,700 ఎకరాలూ ఊరికే ఇచ్చి ఉంటే మనం ఏం చేసేవాళ్లం? ఏది ప్రజల అవసరం అంటే దానికి అడ్డం పడేవాళ్లం కదా. బేరంలో ఓడిపోయామంటున్నారు గానీ, పట్టా చేతిలో ఉన్న వంద ఎకరాల్లోనే మన సంగతి బయటపడింది.

బేఏరియా_రాధ:

రవి గారూ, భయపడ్డవాళ్లందరినీ చెడ్డవాళ్లని చేయకండి. వారం రోజుల్లో, నీళ్లూ కరెంటూ సరిగ్గా లేని చోట టెంట్లు వేస్తామంటే అడగరా? టస్టిన్‌లో అదే ఆశ్రయాన్ని ముందునుంచీ ప్లాన్‌లో పెట్టారు కాబట్టి నడుస్తోంది.

రవి_వుడ్‌బ్రిడ్జ్:

అడగడం వేరండీ. ఆ రోజు బస్సులో నీళ్ల పైపుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇళ్ల రేట్ల గురించే మాట్లాడారు. వెనక సీట్లో ఎవరో పులిహోర డబ్బాలు పంచుతున్నారు, పిక్నిక్‌లా ఉంది.

సుజాత_ఇర్వైన్:

ఆ పులిహోర నేనే చేసి పంపాను రవి గారూ. మూడు కిలోల బియ్యం. మా అత్తగారే పోపు పెట్టారు.