దగ్గు తగ్గాక కాళ్ళు పడిపోయాయి. ఊళ్ళోనే ఆపడం తప్పా, కాదా?

రాజోలు కుర్రోడు: మా బాబాయి కొడుక్కి జ్వరం, దగ్గు వచ్చి తగ్గిపోయాయి. వారం దాటాక రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి బరువైపోయాయి. ఆర్ఎంపీ నీరసమని సెలైన్లు, బీకాంప్లెక్స్ ఇంజెక్షన్లు పెడుతూ ఆపేశాడు. ఒంటేలు బిగిసి పొట్ట ఉబ్బాక కాకినాడ తీసుకెళ్తే వెన్నుపాము వాపు, ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అన్నారు. ఆపడం ముమ్మాటికీ తప్పని నేనంటాను, మా ఇంట్లోవాళ్ళే ఒప్పుకోవట్లేదు.

లంక రైతు: ఆయన్ననడం అన్యాయమండీ. అర్ధరాత్రి తలుపు కొడితే లేచొచ్చేది ఆయనే. జ్వరం తగ్గాక సగం మందికి కాళ్ళు పీకుతాయి, అందర్నీ పడవెక్కించి ఎమ్మారైకి పంపమంటారా? అయినా దగ్గుకీ వెన్నుపాముకీ సంబంధమేంటి?

అమలాపురం ఫిజియో: ఉందండీ. ఫ్లూ, మైకోప్లాస్మా (ఊపిరితిత్తులకి సోకే ఒక బాక్టీరియా) లాంటివి తగ్గిన ఒకటి నుంచి మూడు వారాల్లో వస్తుంటుంది. క్రిమి వెన్నుపాములోకి వెళ్ళక్కర్లేదు, దాని మీదికి లేచిన రోగనిరోధక శక్తే పొరబడి మన వెన్నుపాము మీదే పడుతుంది. అరుదే గానీ, వస్తే కొన్ని గంటల్లోనే కాళ్ళు పడిపోవచ్చు. ఒళ్ళునొప్పులకి ఎవరూ ఎమ్మారై అడగట్లేదు. రెండు కాళ్ళూ పట్టు తప్పినా, ఒంటేలు రాకపోయినా, బొడ్డు దగ్గరో రొమ్ము కిందో ఒక గీత నుంచి కిందకి స్పర్శ తెలియకపోయినా అదే రోజు బండెక్కించాలి. చన్నీళ్ళలో ముంచిన స్టీలు గరిటె పాదాల నుంచి పైకి ఆనిస్తూ రండి, చల్లదనం ఎక్కణ్ణుంచి తెలుస్తోందో అడగండి. ఇంకోటి, నడుం ఎమ్మారై ఒక్కటే తీసి బాగుందంటే సరిపెట్టుకోవద్దు, వాపు ఎక్కువగా ఛాతీ వెనక భాగంలో ఉంటుంది.

లంక రైతు: మరైతే ఊళ్ళోనే స్టెరాయిడ్ చేయించేస్తే పోయేదిగా?

అమలాపురం ఫిజియో: వద్దండీ బాబూ. గులియన్ బారీ (వెన్నుపాము బయటి నరాలకొచ్చే జబ్బు) కూడా ఇలాగే కాళ్ళతో మొదలవుతుంది, దానికి స్టెరాయిడ్ పనిచేయదు. వెన్నులో క్షయ గడ్డ నొక్కినా ఇంతే. ఎమ్మారై, వెన్నునీటి పరీక్ష చూశాకే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు నరానికి ఎక్కిస్తారు, దానికీ లొంగకపోతే ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలోని నీటి భాగాన్ని తీసి మార్చడం.

రాజోలు కుర్రోడు: ఆర్ఎంపీ మంచోడే, కాదనట్లేదు. కానీ సెలైన్ ఎక్కుతుండగా ఒంటేలు రావట్లేదని పిన్ని చెబితే పొట్ట మీద వేడినీళ్ళ కాపడం పెట్టమన్నాడు. స్పర్శ లేని ఒళ్ళు కదా, బొబ్బలెక్కేదాకా వాడికి తెలియనే లేదు. ఆ మాట విన్న వెంటనే ‘నా వల్ల కాదు, కాకినాడ తీసుకెళ్ళండి’ అనొచ్చుగా?