రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే షుగర్ తగ్గుతుందా?

తెనాలి_శైలు:
నాన్నకి షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. అందరూ చెబుతుంటే రాత్రిపూట అన్నం మానిపించాం. ఇప్పుడు నాలుగు చపాతీలు, బంగాళాదుంప కూర. ఆయనకేమో పెరుగన్నం తినకపోతే భోజనం చేసినట్టే ఉండదు, రోజూ బతిమాలాల్సి వస్తోంది. షుగర్‌లో మాత్రం పెద్ద మార్పు లేదు. అన్నం నిజంగా అంత చెడ్డదా?

ఉప్పల్_వెంకట్:
మానిపించి మంచి పని చేశారమ్మా. తవుడూ మొలకా మిల్లులోనే పోయాక తెల్లబియ్యంలో మిగిలేది పిండే. గోధుమలు పొట్టుతో సహా ఆడిస్తాం కాబట్టి పీచు దక్కుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూడండి. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు, గోధుమపిండిలో 11 గ్రాముల పైనే. మా ఇంట్లో రాత్రి అన్నం వండటమే మానేశాం.

లక్ష్మి_డైటీషియన్:
వెంకట్ గారూ, పీచు సంగతి నిజమే. అదే పట్టికలో పిండిపదార్థం ఎంతుందో కూడా చూడండి: బియ్యంలో 78 గ్రాములు, గోధుమపిండిలో 64. అంత గొప్ప తేడా ఏముంది? నోట్లో లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము ఆ పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం దగ్గర దాని పని ఆగిపోతుంది. చిన్నపేగులోకి వచ్చాక క్లోమం నుంచి వచ్చే అమైలేజ్ మిగతాది పూర్తి చేస్తుంది, పేగు గోడ మీది ఎంజైములు చివరికి గ్లూకోజ్‌గా మారుస్తాయి. అన్నమైనా చపాతీ అయినా రక్తంలోకి చేరేది ఆ గ్లూకోజే.

శైలు గారూ, మీ నాన్నగారి కంచం లెక్క వేద్దాం. చపాతీకి 30 గ్రాముల పిండి అనుకుంటే నాలుగింటికి 75 గ్రాములకు పైగా పిండిపదార్థం. బంగాళాదుంపతో ఇంకో 15, 20. మొత్తం 90 దాటింది. కప్పున్నర అన్నంలో ఉండేది 60, 65 గ్రాములే! అన్నం పోయింది గానీ పిండిపదార్థం ఎక్కడికీ పోలేదు. కూరగా బంగాళాదుంప పెట్టడమే నాకు అన్నిటికన్నా బాధగా ఉంది.

2025లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశవ్యాప్త అధ్యయనం కూడా ఇదే చెప్పింది. మనవాళ్లకు కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. బియ్యం బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో తిన్నంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. పిండిపదార్థంలో కొంత తగ్గించి ఆ మేరకు పప్పులు, పాల పదార్థాల నుంచి మాంసకృత్తులు తీసుకుంటే ముప్పు తగ్గే అవకాశం కనిపించింది.

కాబట్టి సగం కంచం బీరకాయో దొండకాయో తోటకూరో పెట్టండి. గట్టిగా పప్పు వేయండి, లేదా ఒక గుడ్డు. అవి ముందు తిన్నాక ఒక కప్పు అన్నం, అందులోనే ఆఖరికి పెరుగు. ఒక్క హెచ్చరిక: ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మాత్రల లాంటివి వాడేవాళ్లు ఉన్నపళంగా తిండి తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుకి చెప్పి మొదలుపెట్టండి.

రైతుబిడ్డ_రాజేంద్రనగర్:
అన్ని బియ్యాల్నీ ఒకే గాటన కట్టకండి. రాజేంద్రనగర్‌లో తయారైన తెలంగాణ సోనా, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసీమిక్ సూచీ (తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) 51 దగ్గర ఉంది. మామూలు పాలిష్ బియ్యం చాలావరకు 70 అటూ ఇటూ. ఎండాకు తెగులు తట్టుకునేలా హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి 2008లో ఇచ్చిన మెరుగైన సాంబమసూరి కూడా 51 లోపే. ఇలాంటి రకాలు మన పొలాల్లోనే పండుతుంటే అన్నం విషం అనడం అన్యాయం.

లక్ష్మి_డైటీషియన్:
మంచి రకాలే అన్నా, దొరికితే అవే కొనమంటాను. కానీ దుకాణాల్లో 'షుగర్ ఫ్రీ బియ్యం' అని అమ్ముతున్నారే, అది తప్పు. ఆ సూచీ షుగర్ ఎంత నెమ్మదిగా పెరుగుతుందో చెబుతుంది. మూడు కప్పులు తింటే మూడు కప్పుల గ్లూకోజూ ఒంట్లోకి చేరుతుంది.

ఉప్పల్_వెంకట్:
మేడమ్, మీ లెక్కలు కాదనను. కానీ ఇంట్లో కప్పుతో కొలిచి పెట్టేదెవరు? పప్పుకింత, పులుసుకింత, పెరుగుకింత అని అన్నం మూడుసార్లు పడుతుంది. వద్దన్నా అమ్మ ఇంకో గరిటె వేస్తుంది. చపాతీ అయితే రెండని చెబితే రెండే. నాకు షుగర్ అదుపులోకి వచ్చింది అలా లెక్క పెట్టుకోవడం వల్లే. అందుకే మానేయడమే తేలికంటాను.

లక్ష్మి_డైటీషియన్:
రెండు చపాతీలూ పప్పూ కూరా అయితే నాకేం అభ్యంతరం లేదండీ. మీకు పనిచేసింది ఆ 'రెండు'. శైలు గారి నాన్నగారికి పెరుగన్నం ప్రాణం, ఆయనకి ఆ కప్పు అన్నం ఉంచి మిగతాది సర్దుదాం.

తెనాలి_శైలు:
డాక్టరుగారికి ఫోన్ చేశాను, చూడమన్నారు. ఒక రాత్రి రెండు చపాతీలు, ఇంకో రాత్రి కప్పు అన్నం, రెండు రోజులూ అదే బీరకాయ పప్పు. తినేముందు, రెండు గంటల తర్వాత గ్లూకోమీటరుతో చూస్తాం. ఆ రెండు గంటలు మొదటి ముద్ద నుంచా, చేయి కడిగినప్పటి నుంచా?

లక్ష్మి_డైటీషియన్:
మొదటి ముద్ద నుంచి. నాలుగు అంకెలూ ఇక్కడే పెట్టండి.