బెంగళూరులో తొలి క్రిస్మస్‌కు ఆపిల్ క్రిస్ప్: పైపొర ముద్ద కాకుండా ఉండాలంటే

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేము గత నెలలోనే ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చాము. మా ఇంటి యజమానులు క్రిస్మస్ రోజు భోజనానికి పిలిచారు. అమెరికాలో మా అక్క ఇంట్లో తిన్న ఆపిల్ క్రిస్ప్ (ఆపిల్ ముక్కలపై పిండి, వెన్న కలిపిన కరకర పొర చల్లి ఓవెన్‌లో కాల్చే తీపి) చేసి తీసుకువెళ్లాలని ఉంది. మొన్న చిన్న ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) చేసి చూస్తే పైన పిండి తడిసి ముద్దయింది. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పగలరా?

జవాబు: అమ్మా, నేను నెల్లూరు నుంచి ఈ ఊరికి వచ్చిన మొదటి డిసెంబరులో నాకూ ఇదే జరిగింది. తప్పు పొయ్యిది కాదు, పండు వదిలే నీటిది.

బండ్ల మీద దొరికే ఎర్ర ఆపిల్ చాలావరకు డెలీషియస్ రకం. అది తినడానికి బాగుంటుంది గాని పులుపు తక్కువ, వేడికి తొందరగా మెత్తబడుతుంది. పైగా డిసెంబరు నాటికి హిమాచల్ కోత ముగిసి, కోల్డ్ స్టోరేజీ కాయలే ఎక్కువగా వస్తాయి. గట్టిగా ఉన్నవి చూసి ఏరుకోండి. పెద్ద పండ్ల దుకాణాల్లో పచ్చటి గ్రానీ స్మిత్ దొరికితే సగం అవి, సగం ఎర్రవి కలపండి. కిలో ముక్కలకు ఒక నిమ్మకాయ రసం, 60 గ్రాముల చక్కెర, చెంచా దాల్చిన చెక్క పొడి, పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపితే చాలు. చక్కెర కలిపిన ముక్కలను గంటసేపు ఊరబెట్టకండి, గిన్నె నిండా నీరు చేరుతుంది.

పైపొరకు 100 గ్రాముల మైదా, 90 గ్రాముల ఓట్స్, 90 గ్రాముల బ్రౌన్ షుగర్, 100 గ్రాముల చల్లని వెన్న తీసుకోండి. ఓట్స్ రేకుల్లా ఉండేవే కొనండి, నిమిషాల్లో ఉడికిపోయే రకం పొడిలా ఉండి తొందరగా తడిసిపోతుంది. చెక్కలకు పిండిలో వెన్న రాసినట్టే వేళ్లతో రాయండి: పిడికిట పడితే ముద్ద కట్టాలి, తట్టితే విడిపోవాలి. కొన్ని శనగ గింజంత, కొన్ని బఠాణీ అంత ఉండలు మిగిలితే మంచిది. వెన్న కరిగి పిండి జిడ్డుగా మారితే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. పళ్లెం పొయ్యిలోకి వెళ్లే ముందే దీన్ని పండుపై చల్లండి, అదమకండి; పండు నుంచి లేచే ఆవిరికి దారి ఉండాలి.

ఓటీజీని 180 డిగ్రీలకు ముందే వేడిచేసి, పళ్లాన్ని కింది అరలో పెట్టి, 40 నుంచి 45 నిమిషాలు ఉంచండి. అంచుల్లోనే కాక నడిమధ్య కూడా చిక్కటి రసం బుడబుడమని ఉడకాలి, ఎందుకంటే కార్న్‌ఫ్లోర్ బాగా వేడెక్కితే తప్ప చిక్కబడదు. పైభాగం ముందే ఎర్రబడితే అల్యూమినియం ఫాయిల్‌ను వదులుగా పైన పరచండి, గట్టిగా మూస్తే లోపలి ఆవిరి దాన్ని మళ్లీ తడిపేస్తుంది. ఒక్క మాట: 1500 వాట్ల ఓటీజీని పెద్ద 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి, నేను మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే ప్లగ్గు కమిలిన వాసన వచ్చింది.

మరొకరి జవాబు: అక్కగారు చెప్పినదానికి ఒకటి చేర్చాలి. వేడిగా ఉండగా మూతపెట్టి తీసుకెళ్తే దారిలోనే మెత్తబడుతుంది. 20 నిమిషాలు ఆరనిచ్చి, పలుచని గుడ్డ కప్పి తీసుకెళ్లి, అక్కడ ఓవెన్ ఉంటే 150 డిగ్రీల్లో పది నిమిషాలు వేడి చేయండి, మైక్రోవేవ్‌లో వద్దు. ఇందులో గుడ్డు ఉండదు కాబట్టి శాకాహారులకూ నిస్సంకోచంగా పెట్టవచ్చు. వెనిల్లా ఐస్‌క్రీమ్ మాత్రం వడ్డించేటప్పుడే వేయండి.